పూటకూళ్ళమ్మ ఇరవై రూపాయలు

మొన్న ఆదివారం సాయంత్రం అమ్మని, అన్నయ్య కొడుకుని వెంటబెట్టుకుని కన్యాశుల్కం నాటకం చూసొచ్చాను. మూడ్రోజులైంది, ఇంకా బుర్రలోంచి పోవట్లేదు, రాస్తే గానీ పోదని ఇవాళ కూర్చున్నాను. మా విజయనగరం వాళ్ళకి ఈ నాటకం ఇంట్లో మనిషి లాంటిది. 1892 ఆగస్టు 13న మొట్టమొదట ఆడింది ఈ ఊళ్ళోనే, రాసిన గురజాడ అప్పారావు గారి ఇల్లు కోటకి దగ్గర్లో ఇప్పటికీ ఉంది, తెర లేవగానే గిరీశం నిలబడి మాట్లాడే బొంకులదిబ్బ కూడా ఆ కోట దగ్గరదే. చిన్నప్పుడు మా తాతయ్య వాళ్ళు జె.వి. రమణమూర్తి గిరీశంగా, వాళ్ళన్నయ్య సోమయాజులు రామప్పపంతులుగా వేసిన రోజుల గురించి వీధరుగు మీద కూర్చుని గంటలు గంటలు చెప్పుకునేవారు, నేను చూడలేదు గానీ ఆ మాటలు విని విని చూసినట్టే ఉంటుంది నాకు.

అమ్మ మాత్రం ఎప్పుడూ స్టేజి మీద చూడలేదు. చూడ్డానికి తీరిక ఎక్కడిది. నాన్న పోయాక 1989లో మెస్ పెట్టింది, మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, పాతికేళ్ళు నడిపింది. కాలేజీ కుర్రాళ్ళు, పెళ్ళికాని క్లర్కులు, బదిలీ మీద వచ్చి గది తీసుకున్న మాస్టార్లు, పొద్దున్న నలభై మంది, రాత్రి ముప్పై మంది. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఆ రేకులు లేచిపోయాక ఇంక వద్దులే అమ్మా అని మేమే ఆపించేశాం. ఇప్పుడు డెబ్బై రెండేళ్ళు తనకి, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, అయినా నాటకం అనగానే చీర మార్చుకుని అరగంట ముందే గుమ్మంలో కూర్చుంది.

ముందు బాగున్నవి చెప్పేస్తాను, ఎందుకంటే చాలా బాగున్నాయి. గిరీశం వేసిన ఆయన ఏదో ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ నాటకాలు వేసే మనిషట. కళ్ళతోనే సగం నటన చేసేశాడు. వెంకటేశాన్ని బుట్టలో వేసేటప్పుడు ఒక గొంతు, బుచ్చమ్మ ముందు ఒక గొంతు, సౌజన్యారావు పంతులు ముందుకొచ్చేసరికి ఒంగిన వీపు, ఆ మూడూ ఒకే మనిషివి అని తెలుస్తూనే మూడు వేరువేరుగా ఉన్నాయి. ఆడవేషం కట్టుకుని పెళ్ళికూతురిగా వచ్చే కరటకశాస్త్రి శిష్యుడి పాత్ర వేసిన కుర్రాడికి పద్నాలుగేళ్ళుంటాయేమో, లుబ్ధావధాన్లు ఇంట్లో తలవంచుకుని కూర్చున్నప్పుడు కాలి బొటనవేలితో నేల రాస్తూ కూర్చున్నాడు, హాలంతా విరగబడి నవ్వింది. సెట్టు అంటూ పెద్దగా ఏం లేదు, ఒక మంచం, రెండు పీటలు, వెనకాల తెర, అంతే, అదే మంచిదయ్యింది. మైకులే రెండుసార్లు కీచుమన్నాయి.

ఇక అసలు సంగతి. గిరీశం మొదటి సీన్‌లోనే మనకి చెప్పేస్తాడు కదా, డబ్బులు తీసుకుని పూటపూటా భోజనం పెట్టే పూటకూళ్ళమ్మకి సంతలో సామాను కొని తెస్తానని ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి వేశ్య మధురవాణి మీద ఖర్చుపెట్టేశానని. ఆ మాట దగ్గర హాల్లో నవ్వులు. మా మేనల్లుడు కూడా నవ్వాడు, ఇంజనీరింగ్ సెకండ్ ఇయర్ వాడు, ఫ్రెండ్స్‌తో ఇలాంటి కబుర్లు వింటుంటాడు కాబట్టి వాడికి నవ్వొచ్చింది, తప్పు లేదు. నా పక్కన అమ్మ మాత్రం నవ్వలేదు, ముందుకి వంగింది. సీటు అంచు మీదకొచ్చి రెండు చేతులూ ముందు కుర్చీ మీద పెట్టుకుంది. ఇక అక్కణ్ణుంచి తను గిరీశాన్ని చూడ్డం మానేసింది, పూటకూళ్ళమ్మ ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంది.

పూటకూళ్ళమ్మ వచ్చింది. మంచం కింద మగాళ్ళు దాక్కోవడం, ఆవిడ చీపురుకట్ట పట్టుకుని దూకడం, ఎవరికి తగలాల్సింది ఎవరికో తగలడం, ఈ సీన్ అంటే జనానికి ఎంత ఇష్టమో నాకు తెలుసు, ఈలలు పడ్డాయి. ఆ పాత్ర వేసిన నటి కూడా ఆ ఈలలకి తగ్గట్టే చేసింది, కళ్ళు పెద్దవి చేసి, నడుం తిప్పి, గొంతు పైకెత్తి. చేతిలో కొత్త కొండచీపురు, పిడికి చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, లైటు పడి మెరుస్తోంది. చీర గంజిపెట్టి ఇస్త్రీ చేసినట్టు బిర్రుగా ఉంది, పవిట కొంగు వెనక మడమల దాకా వేలాడుతోంది.

అమ్మ నా చెవి దగ్గరకొచ్చి మెల్లిగా అంది, "పొయ్యి కాడ పనిసేసే మనిషి కొంగు అలగ ఒదిలీసుకుంటాదేటే, అంటుకుపోదూ" అని. నేను అప్పుడు అమ్మ నడుం వైపు చూశాను. మెస్ ఆపేసి ఇన్నేళ్ళయినా, నాటకానికని కట్టుకున్న మంచి చీర కొంగు కూడా ఎడంపక్కకి తిప్పి బొడ్లో దోపుకునే ఉంది. నేను ఎప్పుడూ గమనించలేదు అది.

ఇంటర్వెల్‌లో సమోసా తింటూ అడిగింది, "ఇంతకీ ఆ ఇరవై రూపాయలు ఇచ్చీసాడేటే ఆడు?"

లేదమ్మా, ఇంకా అవలేదు కదా నాటకం, అన్నాను. మొత్తం అయ్యాక కూడా మళ్ళీ అదే అడిగింది. ఇవ్వలేదు. ఆదివారం నేను చూసిన రెండు గంటల ముప్పావులో ఆ డబ్బుల మాట నవ్వులు పడ్డ ఆ సీన్లు దాటాక మళ్ళీ రాలేదు.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను, ఈ నాటకం మీద ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు, బాల్యవివాహాలు, వితంతు వివాహం, వ్యావహారిక భాష, గిరీశం పాత్ర చిత్రణ, అన్నీ చెప్పాను. ఇరవై రూపాయలు ఎవరివి అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అవి లాభం డబ్బులు కావు. సంత డబ్బులు. అంటే రేపటి బియ్యం, పప్పు, చింతపండు, నూనె. మెస్ నడిపేవాళ్ళకి చేతిలో ఉన్న డబ్బు ఎప్పుడూ వాళ్ళది కాదు, నెల మొదట్లో పిల్లలు కట్టింది నెలాఖరు దాకా తిండి రూపంలో వాళ్ళకే తిరిగెళ్ళిపోవాలి, మధ్యలో ఒకడు పట్టుకుపోతే మిగతావాళ్ళకి పులుసు పల్చన చెయ్యాలి, లేకపోతే కిరాణా కొట్టులో అప్పు రాయించుకోవాలి. మా ఇంట్లో జరిగిందే. ఒక కుర్రాడు, మంచి మాటకారి, అమ్మని అత్తా అత్తా అనేవాడు, హోల్‌సేల్ కొట్టులో నూనె డబ్బా చవగ్గా వస్తుందని పన్నెండు వందలు పట్టుకెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆ నెల అమ్మ రాత్రిళ్ళు మజ్జిగన్నమే తిన్నది, కూర అందరికీ వడ్డించాక గిన్నె కడిగేసేది, నాకు ఆకలి లేదే అనేది. నాకప్పుడు పదకొండేళ్ళు, నిజంగానే ఆకలి లేదనుకున్నాను.

ఇదే నాటకంలో ఇంకో రేటు ఉంది. అగ్నిహోత్రావధాన్లు రెండో కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వడానికి కుదుర్చుకున్నది పద్దెనిమిది వందలకి. ఇది కథ కోసం పెంచి రాసింది కాదు. మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటలో గురజాడ గారే లెక్క ఇచ్చారు, విజయనగరం మహారాజా వారు అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళ లిస్టు తీయిస్తే 1,034 తేలాయట. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు 6, ఏడాది పిల్లలు 3. ఆ ఏడాది పిల్లలకి పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు. అప్పుడు మన విజయనగరం కూడా ఆ జిల్లాలోదే, అంటే ఈ పిల్లలు ఎక్కడో కాదు, మన చుట్టుపక్కల అగ్రహారాల్లోనే. ఇంటికొచ్చాక మేనల్లుడికి ఈ అంకెలు చెప్పాను, ఏడాది పిల్లా అత్తా, అని రెండుసార్లు అడిగాడు, ఫోన్ పక్కన పెట్టేశాడు. నాకనిపించేది ఏంటంటే నాటకం చూడ్డానికి వచ్చిన వాళ్ళకి ఈ లెక్క తెర లేవకముందే ఎవరో ఒకరు చదివి వినిపించాలి. అది విన్నాక గానీ సుబ్బి తల్లి వెంకమ్మ నూతిలో దూకడం ఎందుకో కడుపుకి తెలియదు.

నాటకంలో నాకు బాగా బాధేసిన విషయం ఇంకోటుంది, యాస. గురజాడ గారు ఈ నాటకాన్ని జనం మాట్లాడుకునే భాషలో రాశారని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. నాటకంలో ఎవరి మాట వాళ్ళదే, అవధాన్ల మాట వేరు, గిరీశం ఇంగ్లీషు కలిపిన మాట వేరు, నౌకరు అసిరిగాడి మాట వేరు, కానీ అందరూ ఈ నేల మీద మనుషులే, అగ్నిహోత్రావధాన్లు తిట్లు కూడా ఇక్కడివే. మరి ఆదివారం ఏం చేశారంటే, అందరూ సీరియల్ తెలుగు మాట్లాడారు. నున్నగా, ఏ ఊరిదో తెలియకుండా. ఒక్క అసిరిగాడికి మాత్రం యాస పెట్టారు. అది కూడా సాగదీసి, ప్రతి మాట చివరా ఒక కూత కూసినట్టు. వాడు నోరు తెరవగానే నవ్వు.

ఇది మన ఊళ్ళో, మన వాళ్ళే చేశారు. సినిమాల్లో మన యాస పనివాళ్ళకి, కమెడియన్లకి పెడుతున్నారని ఎన్నేళ్ళ నుంచో బాధపడుతున్నాం, మళ్ళీ మనమే ఇలా చేస్తే ఎలా. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు పాఠం చదవమంటే నోరు విప్పరు, ఎందుకర్రా అంటే "మాది బాసలో తేడా వొస్తాది మేడమ్" అంటారు. వైజాగ్‌లో చదివే అక్కకి ఫోన్ చేస్తే హాస్టల్లో పిల్లల ముందు నాతో అలా మాట్లాడకు అందట, ఒక అమ్మాయి చెప్పింది నాకు. జనం మాటే పుస్తకంలోకి రావాలని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు శ్రీముఖలింగం దగ్గర పుట్టినాయన, మన శ్రీకాకుళం మనిషే. ఆ పక్క ఆయన, ఈ పక్క గురజాడ, ఇద్దరినీ కన్న ప్రాంతంలో పిల్లలు అమ్మ మాట మాట్లాడ్డానికి సిగ్గుపడుతున్నారు. డైరెక్టరు గారికి నాదొకటే విన్నపం, ఉంటే అందరికీ ఉంచండి, అవధాన్లుకి, పంతులుకి, సిద్ధాంతికి, అందరికీ. లేకపోతే అసిరిగాడికి కూడా తీసేయండి.

కోతల సంగతి. 1909లో గురజాడ గారు పెంచి రాసిన నాటకం ఏడు అంకాలు, అది మొత్తం ఆడాలంటే ఒక సాయంత్రం చాలదు, కొయ్యక తప్పదు, ఆ కష్టం నాకు తెలుసు. స్కూల్లో పిల్లల చేత అరగంట ముక్క వేయించినప్పుడు నేనూ కోశాను. కానీ ఏం కోస్తామన్నది చూసుకోవాలి కదా. ఇక్కడ సారా దుకాణం సీన్ మొత్తం లేపేశారు. బైరాగి, హెడ్డు, వీరేశ, మనవాళ్ళయ్య, వీళ్ళంతా ఒక్కచోట కూర్చుని తాగుతూ దేవుళ్ళ గురించి వాదించుకునే సీన్ అది, అగ్రహారంలో ఒకళ్ళనొకళ్ళు ముట్టుకోని మనుషులు అక్కడ ఎలా కలిసిపోతారో చూపించే చోటు నాటకం మొత్తంలో అదొక్కటే అనిపిస్తుంది నాకు. దాన్ని తీసేసి రామప్పపంతులు మధురవాణి సరసం మాత్రం సాగినంత సాగించారు. మీనాక్షి అయితే రెండుసార్లు వచ్చిపోయింది, లుబ్ధావధాన్లు కూతురు, చిన్నప్పుడే వితంతువు, రామప్పపంతులు మాయమాటలు నమ్మిన మనిషి, ఆవిడ కడుపులో బాధ ఏంటో తెలుసుకునే లోపే లైట్లు ఆర్పేశారు. నా వెనక సీట్లో ఒకావిడ వాళ్ళాయన్ని అడుగుతోంది ఈ అమ్మాయెవరండీ అని. ఆయనకీ తెలియలేదు.

మధురవాణి గురించి చెప్పకపోతే పాపం. ఆ అమ్మాయి వైజాగ్ నుంచి వచ్చిందట, ముప్పై లోపే ఉంటుంది. పేకాట సీన్‌లో తెలివి చూపించాలని మరీ తాపత్రయపడింది గానీ, చివర్లో సౌజన్యారావు పంతులు దగ్గర మాత్రం ఒళ్ళు జలదరించింది. వేశ్యల మొహం చూడనన్న పెద్దమనిషి ఆయన, నిర్దోషి అయిన లుబ్ధావధాన్లుని కాపాడాలంటే ఆ వేశ్యే సాక్ష్యం. ముద్దు అడుగుతుంది, ఆయన ధర్మసంకటంలో పడతాడు, చివరికి తనే వద్దంటుంది, ఆయన భగవద్గీత చేతికిస్తాడు. పుస్తకం అందుకునేటప్పుడు ఆ అమ్మాయి రెండు చేతులూ చాపి, మళ్ళీ వెనక్కి తీసి, చీరకి తుడుచుకుని మళ్ళీ చాపింది. అంతే చేసింది. మాట లేదు. హాల్లో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. కులం గురించీ హోదా గురించీ పెద్ద పెద్ద డైలాగులు చెప్పలేనిది ఆ చేతులు తుడుచుకోవడం చెప్పేసింది. పుస్తకంలో అలా రాసి ఉన్నట్టు నాకు గుర్తులేదు, ఆ అమ్మాయి సొంతంగా పెట్టుకున్నదే అయితే దండం పెట్టాలి. ఆ తర్వాత గిరీశం చివరి మాట, అందరికీ కంఠతా వచ్చిన మాట, జనం కూడా కలిసి అనేశారు, చప్పట్లు.

నాటకం అయ్యాక సన్మానం. శాలువాలు, దండలు, మైకులో ఉపన్యాసాలు. గిరీశం ఆయనకి, రామప్పపంతులు ఆయనకి, డైరెక్టరు గారికి, సౌజన్యారావు ఆయనకి. మా తమ్ముడి స్నేహితుడు ఆ నాటక సమాజంలోనే ఉన్నాడు, అతను రమ్మంటే గ్రీన్ రూమ్ వైపు వెళ్ళాం, అమ్మ మెట్లు దిగలేక నా భుజం పట్టుకుని మెల్లిగా వచ్చింది. అక్కడ పూటకూళ్ళమ్మ వేసినావిడ ఒక్కతే ఉంది, కొబ్బరినూనె రాసుకుని గుడ్డతో మేకప్పు తుడుచుకుంటోంది, వెంకమ్మ కూడా ఆవిడేనని దగ్గరికెళ్ళాక గుర్తుపట్టాను. నలభై అయిదేళ్ళుంటాయి. మగ ఆర్టిస్టులకి ఉద్యోగాలున్నాయి, సరదాకో ప్రేమకో వేస్తారు, మన దగ్గర సమాజాల్లో ఆడవేషాలకి మాత్రం ఎక్కువగా బయటి నుంచే పిలిపిస్తారు, ఆవిడకి ఇదే బతుకు, శనివారం ఒక ఊరు, ఆదివారం ఒక ఊరు. కుర్చీ మీద టిఫిన్ బాక్సు మూత తీసి ఉంది, పెరుగన్నం, సగం తిని వదిలేసింది.

అమ్మ చూసింది ఆ బాక్సునే. "తినీ తల్లీ, ముందు తినీ, నూనె తరవాత తుడుచుకుందువు" అంది.

"బస్సుంది పెద్దమ్మా, పదిన్నరకి కాంప్లెక్స్‌లో, అది పోతే మళ్ళీ పొద్దున్నే" అంది ఆవిడ. అమ్మ ఊరుకోలేదు, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది, కూర్చుంటే ఇక ఎదుటివాళ్ళు తినాల్సిందే, మెస్‌లో కూడా అంతే. ఆవిడ తింటుంటే కొంగు సంగతి చెప్పింది, పొయ్యి దగ్గర ఎలా దోపుకుంటారో లేచి నిలబడి చూపించింది. ఆవిడ బాక్సు పక్కన పెట్టి, ఎడం చేత్తో తన చీర కొంగు తిప్పి దోపుకుని చూసుకుంది, ఇలాగా పెద్దమ్మా, అని అడిగింది. ఇంకాస్త బిగించమంది అమ్మ.

నేను ఉండబట్టలేక అడిగాను, ఆ ఇరవై రూపాయల దగ్గర మీరు నిజంగా కోప్పడితే, లేదా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఎలా ఉండేదండీ అని.

"మొదటి రిహార్సల్‌కి అలాగే చేశానండి" అంది. "మా అమ్మ కాకినాడలో ఇళ్ళకి క్యారేజీలు కట్టేది. నాకు ఏడుపు వచ్చేసింది ఆ మాట దగ్గర. అలా చేస్తే నవ్వు పోతుందమ్మా, సీన్ చచ్చిపోతుంది అన్నారు. మార్చేశాను."

బయట మైకులో ఇంకా ఎవరి పేరో పిలుస్తున్నారు. ఆవిడ బాక్సు మూతపెట్టి, చీపురు మూలకి ఆనించి, సంచి భుజాన వేసుకుంది. మా మేనల్లుడు బండి తీసి కాంప్లెక్స్ దాకా దింపి వచ్చాడు, బస్సు కదిలిపోతుంటే ఆపి ఎక్కించానత్తా అని చెప్పాడు. వాడు వచ్చేదాకా అమ్మ గేటు దగ్గరే నిలబడింది.